టీకా వేయిద్దాం, నిజం దాచకుండా చెబుదాం

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం పద్దు మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టర్ని కాను. ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. అయితే టీకా ఆసుపత్రిలోనే ఉండిపోవడం లేదు, బడికి వస్తోంది. ఫారాలు మా చేతికే ఇస్తారు. తల్లిదండ్రుల సంతకాలు మేమే తెప్పించాలి. తల్లులు ముందుగా అడిగేది కూడా మమ్మల్నే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన పిల్లలకు టీకాలు తప్పకుండా వేయించాలి. టీకా వల్ల చాలా అరుదుగా కొందరికి కీడు జరుగుతుందన్న సంగతి కూడా వేయించే ముందే చెప్పాలి. అలాంటిది జరిగితే దాచకూడదు, ఆ కుటుంబాన్ని ఒంటరిగా వదిలేయకూడదు. ఈ చివరి పనిలో మన సొసైటీ చేయగలిగింది చాలా ఉంది.

టీకా ఏం చేసిందో నా వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మా చిన్నతనంలో వీధికొకరు పోలియోతో కాలు చచ్చుబడినవాళ్ళు కనిపించేవారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ఇప్పుడు మా తరగతిలో పిల్లలకు పోలియో అంటే పాఠంలోని ఒక పేరు మాత్రమే. అదే చుక్కల మందు వల్ల దాదాపు 27 లక్షల మంది పిల్లల్లో ఒకరికి పక్షవాతం వచ్చే అవకాశం ఉందని కూడా సైన్సు చెబుతోంది. ఈ రెండూ నిజాలే. మొదటిది చెప్పి రెండోది దాచితే, రెండోది ఏదో ఒకరోజు వాట్సాప్‌లో బయటికొస్తుంది. అప్పుడు మొదటిదాన్ని కూడా జనం నమ్మరు.

టీకా వేసిన తర్వాత పిల్లకు ఏదన్నా అయితే "టీకా వల్లే" అని ఒకరు, "టీకాకేం సంబంధం లేదు" అని ఇంకొకరు వెంటనే తీర్పు చెప్పేస్తారు. డాక్టర్లు ఇలాంటి ఘటనలను అయిదు రకాలుగా విడదీసి చూస్తారు. ఒకటి, టీకాలోని పదార్థమే ఆ శరీరానికి పడకపోవడం. రెండు, తయారీలో నాణ్యత లోపం. మూడు, నిల్వ చేసేటప్పుడో, వేసేటప్పుడో పొరపాటు జరగడం. నాలుగు, సూది భయంతో కళ్ళు తిరిగి పడిపోవడం. ఆడపిల్లల బడుల్లో ఒకరు పడిపోతే ఆ భయానికి ఇంకో పదిమంది పడిపోవచ్చు. అయిదు, టీకాతో సంబంధం లేని జబ్బు అదే రోజుల్లో రావడం. వీటిలో ఏదన్నది విచారణ చేస్తేనే తేలుతుంది. ఆ విచారణ జరగాలంటే ముందు ఆ సంగతి పైకి తెలియాలి. తేలింది కుటుంబానికి తిరిగి చెప్పాలి.

అలా చెప్పకపోతే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. 2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది పిల్లలకు వేశారు. వాళ్ళలో గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు చాలామంది. తర్వాత కొన్ని నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు ఆ ఊళ్ళకు వెళ్ళి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్ని పరిశీలించింది. ఒకరు నీళ్ళలో పడి, ఒకరు పాము కాటుతో, మరికొందరు పురుగుమందు వల్ల, జ్వరాల వల్ల పోయారనీ, వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదనీ తేల్చింది. అంటే ఇందాక నేను చెప్పిన అయిదో రకం. మరి అంతటితో అనుమానం ఎందుకు తీరలేదు? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో దానికి జవాబుంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. టీకా తర్వాత ఎవరికైనా తేడా చేస్తే గమనించి నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదని ఆ సంఘం తప్పుపట్టింది.

టీచరుగా నాకు ఈ లెక్క చాలా బరువుగా అనిపిస్తుంది. పిల్ల అమ్మానాన్నలు బతికే ఉన్నారు, ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళకు చెప్పి, అడిగి, ఒప్పించాల్సిన చోట మనం సంతకం పెట్టేస్తే పని త్వరగా అయిపోతుంది. తర్వాత ఆ పిల్ల పాము కాటుతో పోయినా సరే, "మాకు చెప్పకుండా సూది వేశారు" అన్న మాటే ఆ తల్లికి మిగిలిపోతుంది. ఆ మాటకు ఏ విచారణ సంఘమూ జవాబు చెప్పలేదు.

ఈ అపనమ్మకం వల్ల నష్టపోయింది ఎవరు? మన దేశంలో 2020 ఒక్క సంవత్సరంలోనే సుమారు 1 లక్షా 23 వేల మంది ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వచ్చిందనీ, 77 వేల మందికి పైగా చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. అంత అవసరమైన టీకా ఖమ్మం తర్వాత ఏళ్ళ తరబడి ప్రభుత్వ కార్యక్రమంలోకి రాలేకపోయింది. 2018లో సిక్కిం ప్రభుత్వం ముందుగా టీచర్లకు, తల్లిదండ్రులకు, విలేకరులకు అన్నీ వివరించి ఇదే టీకాను బడుల్లో వేసింది. 95 శాతం పైగా పిల్లలు వేయించుకున్నారు. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి కూడా 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. మన పిల్లల కోసం ఆ ఫారాలు ఇంటికి వచ్చినప్పుడు వాటి మీద ఎవరి సంతకం ఉండాలో మనం ఇప్పుడే ఆలోచించుకోవాలి.

మూడో రకానికి, అంటే వేసే చోట జరిగే పొరపాటుకు, హైదరాబాద్ నాంపల్లిలో 2019 మార్చిలో జరిగింది ఒక ఉదాహరణ. పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. జ్వరం వస్తే వేయమని పారాసిటమాల్ ఇవ్వాల్సింది పోయి, నొప్పులకు వాడే ట్రమడాల్ మాత్రలు ఇచ్చి పంపారు. ఇద్దరు పసికందులు చనిపోయారు. ఎంతోమందిని నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ కీడు చేసింది టీకా కాదు, మాత్ర. ఆ సంగతి త్వరగా బయటపడి, మాత్రలు మారిపోయాయని చెప్పారు కాబట్టి మిగతా తల్లులు ఆ మాత్రలు వేయడం ఆపగలిగారు. అదే "ఏం లేదు, అదే తగ్గిపోతుంది" అని సర్దిచెప్పి ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో ఆలోచించండి. జరిగింది వెంటనే చెప్పడం వల్ల ప్రాణాలు దక్కుతాయి.

ఇక కోవిడ్ టీకా. 2021 జనవరిలో ఆరోగ్య సిబ్బందికి టీకా మొదలైన కొద్ది రోజులకే మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక ఆశా కార్యకర్త మరణించారు. తోటి కార్యకర్తలు రోడ్డెక్కారు. మన జిల్లా అంతా అదే మాట. కారణం ఏమిటన్నది డాక్టర్లు తేల్చాల్సిన విషయం, నేను దాని జోలికి పోను. నాకు గుర్తున్నది ఆ తర్వాత మన వీధుల్లో పుట్టిన భయం. ఊరూరా తిరిగి అందరికీ టీకా గురించి చెప్పే మనిషికే అలా జరిగిందంటే ఆ భయం సహజం.

2021 మే 17న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. తీవ్రమైన 498 ఘటనలను నిపుణుల సంఘం లోతుగా చూసిందనీ, వాటిలో కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినట్టు అనుమానించదగినవి 26 ఉన్నాయనీ, అంటే 10 లక్షల డోసులకు 0.61 అనీ చెప్పింది. అదే ప్రకటనలో బ్రిటన్‌లో 10 లక్షలకు 4, జర్మనీలో 10 అని కూడా ఉంది. టీకా వేయించుకున్న 20 రోజుల్లోపు ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ళూ చేతుల్లో వాపు, తగ్గని తలనొప్పి, కడుపునొప్పి, ఒంటి మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని హెచ్చరించింది. చాలా మంచి ప్రకటన.

కానీ మన పల్లెల్లో ఎంతమందికి అది చేరింది? 2024 ఏప్రిల్ చివర, ఆ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఈ అరుదైన ప్రమాదాన్ని ఒప్పుకుందని పత్రికల్లో వచ్చింది. ఏదో పెద్ద రహస్యం బయటపడ్డట్టు ఇల్లిల్లూ గగ్గోలు పెట్టింది. అప్పటికి దాదాపు మూడేళ్ళు గడిచాయి, ప్రమాదం ఉండే రోజులు ఎప్పుడో గడిచిపోయాయి. మూడేళ్ళ కిందట మన ప్రభుత్వమే చెప్పిన సంగతి మనకు కొత్త రహస్యంలా వినిపించిందంటే, చెప్పాల్సినవాళ్ళు చెప్పిన మాట వినాల్సినవాళ్ళ ఇంటిదాకా రాలేదన్నమాట. ఢిల్లీలో ఇంగ్లీషులో ప్రకటన ఇస్తే సరిపోదు. అది తెలుగులో, ఉర్దూలో, పత్తి చేలోకి పోయే తల్లికి అర్థమయ్యే మాటల్లో రావాలి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 10 లక్షలకు 0.61 అన్నది నమోదైన లెక్క. ఊళ్ళో ఎవరికో తేడా చేసి, వాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గర చూపించుకుని ఊరుకుంటే అది ఏ లెక్కలోకీ రాదు. 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పడమే కాక, మామూలు మనుషులూ ప్రైవేటు డాక్టర్లూ కూడా ఇలాంటి ఘటనలు తెలియజేయడానికి, వాటిని ప్రజలు చూడడానికి వీలు కల్పించాలని ఆదేశించింది. మనుషుల వివరాలు మాత్రం బయటపెట్టకూడదు. అంటే తెలియజేసే హక్కు మనకుంది. వాడుకోవడం తెలియాలి.

"ఇవన్నీ చెబితే జనం బెదిరిపోతారు కదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మన కార్యవర్గంలోనూ ఒకరిద్దరు పెద్దలు నాతో అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. డెన్మార్క్‌లోనూ అమెరికాలోనూ పరిశోధకులు దీన్ని పరీక్షించి 2021లో ప్రచురించారు. టీకా లోపాలు దాచకుండా చెప్పినప్పుడు, ఆ టీకా వేయించుకుంటామనేవాళ్ళు కొంత తగ్గారు. కానీ ఆరోగ్య అధికారుల మీద నమ్మకం పెరిగింది. డెన్మార్క్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ఆస్ట్రాజెనెకా టీకాను పూర్తిగా ఆపేసి, ఎందుకు ఆపిందో విడమరిచి చెప్పింది. తర్వాత అక్కడి జనం వేరే టీకాలు బాగానే వేయించుకున్నారు. నాలుగు సూదులు ఇవాళ తగ్గినా, నమ్మకం ఉంటే రేపు వేయించుకుంటారు. నమ్మకం పోతే ఖమ్మంలాగా ఏళ్ళు పడుతుంది.

భయం మనం చెప్పడం వల్ల కొత్తగా పుట్టేదేమీ కాదు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ళ పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేశారు. అప్పుడు ఈ సూది వేస్తే పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో ఎంత ప్రచారం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. ఏఎన్ఎం గారు వచ్చి టీకా ఎంత మంచిదో చెప్పారు. ఒక దాదీమా లేచి, "మంచిదేనంటున్నావు, సరేనమ్మా. మా కొడుకూ కోడలూ పనికి వేరే ఊరు పోయారు. రాత్రిపూట పిల్లకి ఏదన్నా అయితే నేనెవరికి ఫోను చెయ్యాలి?" అని అడిగారు. ఆమె టీకా వద్దనలేదు. ఏదన్నా అయితే మా వెంట ఎవరుంటారని అడిగారు. ఏఎన్ఎం గారు వెంటనే తన ఫోన్ నంబరు బోర్డు మీద రాసి, జ్వరం వస్తే ఏం చెయ్యాలో, ఎలాంటి లక్షణాలుంటే ఆగకుండా రావాలో చెప్పారు. ఆ సాయంత్రమే చాలామంది ఫారాలు సంతకాలతో వచ్చాయి.

మనలో చాలామంది మిర్చి యార్డుతో, పత్తి వ్యాపారంతో బతుకుతున్నవాళ్ళమే. టిక్కీ విప్పి చూపించకుండా ఎవరన్నా సరుకు కొంటారా? తాలు ఎంత, తేమ ఎంత అని చూస్తారు. పైన మేలు కాయ పరిచి అడుగున తడి కాయ పెట్టినవాడి పేరు ఒక్క సీజన్‌లోనే యార్డంతా తెలిసిపోతుంది. మరుసటి ఏడు వాడు మంచి తేజా రకం తెచ్చినా అనుమానంగానే చూస్తారు. సరుకులో లోపం ఉంటే చెప్పి అమ్మాలని మన దీన్ కూడా వ్యాపారికి నేర్పింది. ధాన్యం రాశి కింద తడి గింజలు దాచిన వ్యాపారిని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మందలించిన సంగతి మనం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. మిరపకాయకు ఉన్న నియమం బిడ్డ ఒంట్లోకి పోయే మందుకు లేకుండా పోతుందా?

ఇక మన సొసైటీ ఏం చేయాలన్నది. నావి నాలుగు కోరికలు.

మొదటిది, ప్రతి టీకా శిబిరానికి ముందు తెలుగులో, ఉర్దూలో ఒక్క పేజీ కాగితం. టీకా దేనికి, మామూలుగా వచ్చే జ్వరం, నొప్పి ఏమిటి, అరుదుగా వచ్చేవి ఏమిటి, ఏ లక్షణానికి పరుగెత్తాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ప్రభుత్వ డాక్టరు గారికి చూపించి సరిదిద్దించుకున్నాకే ముద్రించాలి. చదువురానివాళ్ళకు చదివి వినిపించాలి. మిరప కోతల రోజుల్లో తల్లులు తెల్లవారకముందే ఆటోల్లో వెళ్ళిపోతారు కాబట్టి మనమే రాత్రిపూట వాళ్ళ ఇంటికి వెళ్ళాలి. తల్లో తండ్రో తెలిసి పెట్టిన సంతకమే సంతకం.

రెండోది, శిబిరంలో అరగంట కూర్చోబెట్టే ఏర్పాటు. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ సాధారణంగా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. వెంటనే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు బతుకుతారు. ఆ మందు సిద్ధంగా ఉందా అని ముందే అడగాలి. షామియానా, కుర్చీలు, మంచినీళ్ళు, ఒక వాహనం మనం పెట్టుకోగలం.

మూడోది, తోడు. టీకా తర్వాత ఎవరైనా ఆసుపత్రి పాలైతే మన తరఫున ఒకరు వెంట వెళ్ళాలి. దారి ఖర్చు, పోయిన కూలి మనం ఇవ్వాలి. పీహెచ్‌సీ డాక్టరుకు, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. కాగితాలన్నీ భద్రపరచాలి. విచారణలో ఏం తేలిందో అడిగి తెలుసుకుని ఆ కుటుంబానికి చెప్పాలి. బ్రిటన్‌లో 1979 నుంచే టీకా వల్ల తీవ్రంగా నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇచ్చే చట్టం ఉంది. మన దగ్గర, కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళితే, సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చని 2022లో కేంద్రం జవాబిచ్చింది. రోజు కూలికి పోయే కుటుంబం ఏ సివిల్ కోర్టుకు వెళ్ళగలదు? అందరి మేలు కోసం వేయించుకున్న టీకాతో లక్షల్లో ఒకరు నష్టపోతే, ఆ ఒక్కరిని ఆదుకోవడం మిగతా అందరి బాధ్యత.

నాలుగోది, జరిగింది జరిగినట్టు చెప్పడం. మన శిబిరంలో ఏదైనా జరిగితే వచ్చే జుమా నాటికి మస్జిద్‌లో ప్రకటన చేయాలి. పేరు చెప్పకుండా, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది, విచారణ ఎక్కడిదాకా వచ్చింది అన్నంతవరకే. తెలియనిది తెలియదనాలి. ఏడాది చివర ఈ సంచికలోనే ఎన్ని టీకాలు వేయించాం, ఎందరికి తేడా చేసింది అన్న లెక్కను జమాఖర్చుల పక్కనే అచ్చు వేయాలి.

దాతలకు నా మనవి. బట్టలు, పుస్తకాలు, స్కాలర్‌షిప్పులు కంటికి కనిపిస్తాయి. ఈ తోడు నిధి ఏడాదిపాటు ఖర్చు కాకుండా అలాగే ఉండిపోవచ్చు. అలా ఉంటే అల్‌హమ్దులిల్లాహ్, మన పిల్లలంతా క్షేమంగా ఉన్నట్టు. జకాత్ నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచే ఇవ్వాలా అన్నది మన ఆలిములను అడిగి తెలుసుకుందాం. కానీ రాత్రి పన్నెండు గంటలకు ఏ దాదీమాకైనా అవసరం వస్తే, ఆమె చేతిలో ఒక ఫోన్ నంబరు ఉండాలి, అటువైపు ఎత్తే మనిషి ఉండాలి. ఈ ఏడాది బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు కేటాయించమని కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను.

మన పిల్లలందరికీ అల్లాహ్ ఆరోగ్యాన్ని, మనకు నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.